పిల్లలు కొలిచిన సరస్సు

(సాంస్కృతికోత్సవాల యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

వెనక గోడకు జారగిలబడి, ఈయన ఎప్పుడు దిగుతాడా, డాన్సు కార్యక్రమం ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తున్న పిల్లలకు నమస్కారం. ఈ నాలుగు ముక్కలూ ముఖ్యంగా మీ కోసమే. మీ అమ్మానాన్నలు కూడా వింటే నాకేమీ అభ్యంతరం లేదు.

నాకిచ్చిన విషయం "ప్రకృతి పరిరక్షణ ప్రణాళికలు - విద్యార్థి బృందాలు". పేరు వింటే వ్యాసరచన పోటీకి ఇచ్చినట్టుంది గాని, మన ఇళ్ళలో ఈ విషయం ఇంకో వేషంలో వస్తుంది. అమ్మాయి బడి నుంచో, కాలేజీ నుంచో వచ్చి, "నలుగురం కలిసి ఒక ప్రాజెక్టు చేస్తున్నాం. వేసవిలో వాగు ఒడ్డున పక్షుల్ని లెక్కపెట్టాలి" అంటుంది. తండ్రి, "దానికి మార్కులెన్ని? మెడికల్ కాలేజీ వాళ్ళు అది చూస్తారా?" అంటాడు. తల్లి, "మిగతా ముగ్గురూ పనిచేస్తారా, అంతా నీ నెత్తినే రుద్దుతారా?" అంటుంది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. వాటికి సమాధానంగా ఈ దేశంలో జరిగిన ఒక సంగతి చెప్తాను. అది చివరికి మన తిరుపతి దాకా వెళ్ళింది. ఎలా వెళ్ళిందో కాస్త ఓపిక పడితే మీకే తెలుస్తుంది.

కాలిఫోర్నియాలో సియెరా నెవాడా పర్వతాలకు తూర్పున మోనో లేక్ అనే సరస్సు ఉంది. మనవాళ్ళు యోసెమిటీకి తండోపతండాలుగా వెళతారు. జలపాతాల ముందు ఫోటోలు దిగుతారు, పులిహోర పొట్లాలు విప్పుతారు, తిరిగి వచ్చేస్తారు. అదే కొండదారిన టయోగా కనుమ దాటి అవతలికి దిగితే లీ వైనింగ్ అనే చిన్న ఊరు, దాని పక్కనే ఈ సరస్సు. కొండల మీది మంచు కరిగి వాగులుగా ఇందులో చేరుతుంది. బయటికి పోయే దారి మాత్రం లేదు. నీరు ఆవిరవుతుంది, ఉప్పూ సోడా మిగులుతాయి. కనీసం ఏడు లక్షల ఏళ్ళుగా ఇదే వ్యవహారం. అందుకే ఆ నీళ్ళు సముద్రం నీళ్ళకంటె ఉప్పన. వేళ్ళ మధ్య రుద్దితే చాకలి సోడా కలిపినట్టు జారుతాయి. చేప బతకదు. నీళ్ళలోంచి తెల్లని సున్నపురాతి స్తంభాలు పొడుచుకొని వచ్చి, పాడుబడ్డ కోటలాగా కనిపిస్తాయి. కొత్తగా చూసినవాడు ఇది చచ్చిపోయిన సరస్సనే అనుకుంటాడు.

చేప లేదన్న మాటేగాని, గోరంత చిట్టిరొయ్యలు లెక్కకందనంతగా ఉన్నాయి. ఒడ్డు పొడుగునా చవుడు నీళ్ళలో పెరిగే ఒకరకం ఈగలున్నాయి. అక్కడి కుట్జాడికా అనే ఆదివాసులు ఈగగా మారబోయే దశలో ఉన్న ఆ పురుగుల్ని ఏరి, ఎండబెట్టి ఆహారంగా దాచుకునేవారు. వాళ్ళ పేరే దాని మీదుగా వచ్చింది. ఈ రొయ్యల్నీ ఈగల్నీ నమ్ముకుని వేలాది గల్ పక్షులు అక్కడి దీవుల్లో గుడ్లు పెట్టి పిల్లల్ని చేస్తాయి. శీతకాలం ముందు గ్రీబ్ అనే నీటి పక్షులు లక్షల్లో దిగుతాయి. ఫాలరోప్ అనే చిన్న పక్షి ఇక్కడ కడుపునిండా తిని, ఒళ్ళు చేసి, దక్షిణ అమెరికాకు ఎగిరిపోతుంది. మన నేలపట్టుకూ, పులికాట్‌కూ పక్షులు వచ్చినట్టే అనుకోండి.

ఇక మనుషుల సంగతి. లాస్ ఏంజిలిస్ నగరం 1913లో ఓవెన్స్ లోయ నుంచి కాలవ తవ్వి నీళ్ళు తెచ్చుకుంది. అవి చాలక 1941లో ఆ కాలవను ఇంకా ఉత్తరానికి పొడిగించి, మోనో సరస్సులో కలిసే వాగుల్లో నాలుగింటి నీటిని మళ్ళించింది. 1970లో రెండో కాలవ వచ్చాక ఏటా సుమారు లక్ష ఎకరా-అడుగుల నీరు దక్షిణానికి పోయేది. సుమారు 350 మైళ్ళ దూరాన ఉన్న నగరంలో కుళాయి తిప్పినవాడికి ఆ నీరు ఎక్కడిదో తెలియదు. తెలియకపోవడం అతని తప్పూ కాదు. కాని ఇక్కడ 1941లో సముద్రమట్టానికి 6,417 అడుగుల ఎత్తున ఉన్న సరస్సు ఏడాదికొక అడుగు చొప్పున దిగిపోతూ వచ్చింది. ఇంకా దిగితే ఏమవుతుందో ఎవరూ లెక్క కట్టలేదు. లెక్క కట్టడం ఏ ఆఫీసుకూ పనిగా పడలేదు.

ఆ పని 1976 వేసవిలో కాలేజీ పిల్లలు నెత్తికెత్తుకున్నారు. అప్పట్లో జాతీయ సైన్సు ఫౌండేషన్ వారు విద్యార్థులే ప్రతిపాదించి, విద్యార్థులే నడిపే అధ్యయనాలకు డబ్బిచ్చే పథకం ఒకటి పెట్టారు. డేవిస్, శాంతాక్రూజ్, స్టాన్‌ఫర్డ్, ఇండియానాలోని ఎర్లమ్ కాలేజీ, ఇలా నాలుగు చోట్ల చదువుతున్న కుర్రాళ్ళూ అమ్మాయిలూ కలిసి దానికి దరఖాస్తు పెట్టారు. డబ్బు మంజూరయింది. వేసవంతా సరస్సు దగ్గరే మకాం. ఒకరు నీటిలో ఉప్పెంతో చూశారు. ఒకరు రొయ్యల్ని పట్టి లెక్కించారు. ఒకరు ఈగల వెంట పడ్డారు. ఇంకొకరు దీవుల్లో పక్షిగూళ్ళు లెక్కపెట్టారు. మిగిలినవాళ్ళు ఒడ్డున మొక్కల్నీ మట్టినీ చూశారు.

ఇక్కడ కొంచెం ఆగుతాను. తల్లులు అడిగే ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. గ్రూప్ ప్రాజెక్టులో ఒకడు పనిచేసి నలుగురు మార్కులు పంచుకోవడం ఎప్పుడు జరుగుతుంది? అందరికీ ఒకే పని ఉన్నప్పుడు. ఒకడు చాలిన చోట నలుగుర్ని పెడితే ముగ్గురు కూర్చునే తీరతారు. మోనో సరస్సు దగ్గర అలా కుదరదు. పక్షుల మనిషికి రొయ్యల మనిషి లెక్క కావాలి. రొయ్యల మనిషికి ఉప్పు కొలిచినవాడి లెక్క కావాలి. ఉప్పు పెరిగితే రొయ్య ఏమవుతుంది, రొయ్య తగ్గితే పక్షి ఏమవుతుంది అన్న గొలుసులో ఏ ఒక్క లంకె రాయకపోయినా మొత్తం నివేదిక అబద్ధమవుతుంది. కాబట్టి గ్రూప్ ప్రాజెక్టు పేరుతో అన్యాయం జరుగుతోందని పిల్లలు ఫిర్యాదు చేస్తే, ముందు ఆ ప్రాజెక్టు ప్రశ్న ఏమిటో అడగండి. చాలాసార్లు తప్పు పిల్లలలో కాక ప్రశ్నలో ఉంటుంది.

వారి నివేదికను 1977లో డేవిస్ విశ్వవిద్యాలయంలోని జీవావరణ సంస్థ అచ్చువేసింది. సంపాదకుడు డేవిడ్ వింక్లర్ అనే విద్యార్థి. తరువాతి కాలంలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో పక్షిశాస్త్రం చెప్పిన ఆచార్యుడు ఆయనే. నివేదిక సారం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. మళ్ళింపు ఇలాగే సాగితే ఉప్పు పెరిగి రొయ్యలూ ఈగలూ నశిస్తాయి, వాటితో పాటు పక్షులకు తిండి పోతుంది. రెండోది, నీరు తగ్గి నెగిట్ అనే దీవి ఒడ్డుతో కలిసిపోతుంది. అప్పుడు కయోటీలు, అంటే ఇక్కడి గుంటనక్కల వంటి జంతువులు, నడుచుకుంటూ వచ్చి గల్ గూళ్ళను దోస్తాయి. 1979లో సరిగ్గా అదే జరిగింది. నెగిట్ దీవి ద్వీపకల్పమయింది, కయోటీలు వచ్చాయి, గల్ పక్షులు ఆ చోటు వదిలేశాయి.

నివేదిక అచ్చయితే చాలదు. యూనివర్శిటీ గ్రంథాలయాల్లో నివేదికలకు కొదవ లేదు, చెదపురుగులకు తెలుసు ఆ సంగతి. 1978లో డేవిడ్ గేన్స్, శాలీ జూడీ అనే ఇద్దరు యువకులు మోనో లేక్ కమిటీ స్థాపించారు. స్లయిడ్ల పెట్టె పట్టుకుని ఊరూరా తిరిగి, నలుగురు పోగైన చోటల్లా సరస్సు బొమ్మలు చూపించారు. వారి చేతిలో ఉన్న వాస్తవాలు ఆ విద్యార్థులు పోగుచేసినవే. లాస్ ఏంజిలిస్ నీటిశాఖ కొలను నుంచి చిన్న సీసాల్లో నీళ్ళు పట్టి, సైకిళ్ళ మీద ఎడారిదారిన తొక్కుకుంటూ వెళ్ళి, మోనో సరస్సులో తిరిగి పోసిన యాత్రలు కూడా చేశారు. చూసేవారికి పిచ్చిలా కనిపిస్తుంది. గంగాజలం రామేశ్వరానికి మోసుకుపోయే జాతి వాళ్ళం, మనకు మాత్రం అది పిచ్చిగా కనిపించకూడదు.

1979లో ఆడుబాన్ సొసైటీ, మోనో లేక్ కమిటీ కలిసి నగరం మీద దావా వేశారు. 1983 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పుకు ప్రాతిపదిక పిల్లల నివేదిక కాదు, ఒక పాత న్యాయసూత్రం. రోమన్ల కాలం నాటిది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చెప్పిన జోసెఫ్ శాక్స్ 1970లో దానికి దుమ్ము దులిపి ఒక పెద్ద వ్యాసం రాశాడు. మన భాషలో చెప్పాలంటే అది ధర్మకర్త సూత్రం. గుడి మాన్యానికి ధర్మకర్త ఉంటాడు. చూసుకుంటాడు, కౌలు వసూలు చేస్తాడు, ఖర్చు పెడతాడు. మాన్యం మాత్రం ఆయన సొత్తు కాదు, ఇష్టమొచ్చినట్టు అమ్మడానికి లేదు. నదులూ సరస్సులూ ప్రజల సొత్తు, సర్కారు వాటికి ధర్మకర్త. కనుక నీటి హక్కు ఒకసారి ఇచ్చేశాం గదా అని చేతులు దులుపుకోవడానికి వీల్లేదు, ఆ మళ్ళింపు వల్ల సరస్సుకు కలిగే నష్టాన్ని తూచి చూసి మళ్ళీ నిర్ణయించవలసిందే అని కోర్టు చెప్పింది.

సూత్రం లాయర్లదే అయినా, తూచడానికి తూకపురాళ్ళు కావాలి గదా? ఏ మట్టం దగ్గర ఏ ప్రాణి పోతుందన్న లెక్కలే ఆ రాళ్ళు. 1976లో మొదలైన ఆ లెక్కల మీద పెద్దవాళ్ళు మరిన్ని లెక్కలు చేర్చారు. 1987లో జాతీయ సైన్సు అకాడమీ వారి నివేదిక వచ్చింది. చివరికి 1994 సెప్టెంబరులో రాష్ట్ర జలవనరుల మండలి, సరస్సు 6,392 అడుగుల మట్టానికి చేరేదాకా నగరం తీసుకునే నీటిని తగ్గించాలని ఉత్తరువు ఇచ్చింది. డేవిడ్ గేన్స్ అది చూడలేదు. 1988 జనవరిలో సరస్సుకు దగ్గరలోనే మంచు రోడ్డు మీద కారు ప్రమాదంలో పోయాడు. నలభై ఏళ్ళు నిండాయో లేదో.

ఈ కథలో నాకు అన్నిటికంటె నచ్చిన ఘట్టం చాలామంది చెప్పరు. సరస్సు కోసం పోరాడినవాళ్ళు నగరానికి నీళ్ళెక్కడి నుంచి రావాలన్న ప్రశ్నను కూడా తమ నెత్తినే వేసుకున్నారు. సరస్సుకు వదిలిన నీటికి బదులు ఇంకో నదిని ఎండగట్టడం వాళ్ళకు సమ్మతం కాలేదు. 1990ల మొదట్లో తూర్పు లాస్ ఏంజిలిస్‌లోని మెక్సికన్ తల్లుల సంఘంతో చెయ్యి కలిపి, ఇంటింటికీ తక్కువ నీళ్ళతో పనిచేసే మరుగుదొడ్లు పంచిపెట్టే కార్యక్రమానికి సాయపడ్డారు. పక్షుల శాస్త్రం ఎక్కడ, మరుగుదొడ్లెక్కడ అని నవ్వకండి. పరిరక్షణ ప్రణాళిక అంటే అదే. ఎవడి కుళాయి కట్టేస్తున్నామో వాడి గురించి కూడా ఆలోచించని ప్రణాళిక కాగితం మీదే ఉంటుంది, లేదా పోలీసు బందోబస్తుతో అమలవుతుంది. మన కొల్లేరులో 2006లో చేపల చెరువుల కట్టల్ని పేల్చి తీసేశారు. చెరువులు అక్రమమే, సరస్సు ఊపిరాడక ఉన్న మాటా నిజమే. కాని ఆ చెరువుల మీద బతికిన లంక గ్రామాల వాళ్ళ పేచీ అంతటితో తెగలేదు. నలుగురు విద్యార్థులు ముందుగా పదేళ్ళు ఆ ఊళ్ళలో తిరిగి లెక్కలు రాసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను గాని, తెగ్గొట్టేవాడికీ తెగిపోయేవాడికీ మధ్య మాట్లాడుకోవడానికి ఒక కాగితమైనా ఉండేది.

కాలేజీ వయసు రాని పిల్లలకు ఇలాంటివి కుదరవంటారేమో. కాలిఫోర్నియాలోనే శాన్ ఆన్సెల్మో అనే ఊళ్ళో 1992లో లారెట్ రోజర్స్ అనే టీచరు దగ్గర నాలుగో తరగతి పిల్లలు, నశించిపోతున్న జంతువుల కోసం మేమేం చెయ్యగలం అని అడిగారు. వాళ్ళు ఎంచుకున్నది పులీ కాదు, గద్దా కాదు, చిటికెనవేలంత మంచినీటి రొయ్య. రొయ్య అనగానే భీమవరం వాళ్ళకు నోరూరుతుందని నాకు తెలుసు. ఇది వేపుడు రొయ్య కాదు. కాలిఫోర్నియాలో రెండు మూడు జిల్లాల వాగుల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. పశువులు తొక్కి వాగు ఒడ్లు కూలిపోతుంటే దానికి నీడా చోటూ లేకుండా పోయాయి. పిల్లలు పశువుల కాపు దగ్గరికే వెళ్ళి, ఆయన ఒప్పుకోలుతోనే వాగు గట్టున విల్లో మొక్కలు నాటారు. ఆ ఒక్క తరగతితో మొదలైన పని తరువాత వేలాది బడిపిల్లలు చేసే కార్యక్రమమయింది. పశువుల ఆసామిని దొంగగా నిలబెట్టకుండా ఆయన పొలంలోనే ఆయనతోనే పనిచేశారు చూశారా, పదేళ్ళ పిల్లలకు ఆ తెలివి ఉండటం నాకు గొప్పగా తోచింది.

ఇప్పుడు విశ్వవిద్యాలయాల్లో ఇది పద్ధతిగా స్థిరపడింది. శాంతా బార్బరాలోని బ్రెన్ స్కూలులో మాస్టర్స్ విద్యార్థులు విడివిడిగా థీసిస్ రాయడానికి బదులు నలుగురైదుగురు ఒక జట్టుగా ఏడాది పాటు ఒకే సమస్య మీద పనిచేస్తారు. సమస్య పుస్తకంలోది కాదు. ఏ అటవీశాఖో, ఏ భూసంరక్షణ సంఘమో తమకున్న చిక్కు తెచ్చి వాళ్ళ ముందు పెడుతుంది. ఎక్కడ కాపాడాలి, ముందు ఏది, ఎంత ఖర్చు, ఎవరికి నష్టం, పదేళ్ళ తరువాత కాపాడామో లేదో ఎలా తెలుసుకోవాలి, ఇవన్నీ పటాలతో సహా రాసి, సభలో నిలబడి ప్రశ్నలకు బదులు చెప్పాలి. మెడికల్ కాలేజీ వాళ్ళు ఇది చూస్తారో చూడరో నేను పూచీపడలేను. రోగిని చూడకుండా మందు రాయకూడదన్న పాఠం మాత్రం ఇందులో గట్టిగానే వస్తుంది.

సరే, తిరుపతి సంగతి. మోనో లేక్ తీర్పు సముద్రం దాటింది. 1996 డిసెంబరులో భారత సుప్రీం కోర్టు హిమాచల్‌లోని బియాస్ నది కేసులో, అంటే ఎం.సి. మెహతా - కమల్‌నాథ్ కేసులో, శాక్స్ వ్యాసాన్నీ మోనో లేక్ తీర్పునూ ముందు పెట్టుకుని, ధర్మకర్త సూత్రం మన దేశపు న్యాయంలో కూడా భాగమేనని ప్రకటించింది. పదేళ్ళు తిరక్కుండా అది తిరుపతికి వచ్చింది. అక్కడ అవిలాల చెరువు, పేరూరు చెరువు అని రెండు పాత చెరువులు. చెరువు భూముల్ని ప్రభుత్వం ఇళ్ళ కోసం ఇచ్చేసింది. ఒకటి గృహనిర్మాణ మండలికి, ఒకటి దేవస్థానం ఉద్యోగుల ఇళ్ళకు. ఊళ్ళోని ఇంటలెక్చువల్స్ ఫోరం అనే సంఘం హైకోర్టుకు వెళ్ళి ఓడిపోయి, సుప్రీం కోర్టుకు వెళ్ళింది. 2006 ఫిబ్రవరి తీర్పులో న్యాయమూర్తులు మోనో లేక్ కేసును పేరు పెట్టి ప్రస్తావించి, చెరువులకు సర్కారు ధర్మకర్త మాత్రమే అన్నారు. అప్పటికే కట్టిన ఇళ్ళు పోలేదు. ఇకముందు కట్టవద్దన్నారు. వాన నీళ్ళు పట్టి భూమిలోకి ఇంకించాలన్నారు, చెరువులోకి నీరు తెచ్చే వంకను బాగుచేయమన్నారు. పూర్తి గెలుపని నేననను. చెరువు సగం పోయాక వచ్చిన తీర్పు అది. కాని చవుడు ఈగల్ని లెక్కపెట్టిన ఆ కాలేజీ పిల్లలు అవిలాల పేరు విని ఉంటారా?

అందుచేత పిల్లలకు నాదొక ప్రతిపాదన. మీలో చాలామంది రెండు మూడేళ్ళకొకసారి సెలవులకు తాతగారి ఊరు వెళతారు. మొదటి వారం మామిడిపళ్ళతో గడిచిపోతుంది. రెండో వారం తోచక ఫోను పట్టుకు కూర్చుంటారు. ఆ రెండో వారం నాకివ్వండి. నలుగురైదుగురు జట్టు కట్టండి. ఒకే ఊరి వాళ్ళు కానక్కరలేదు, తలా ఒక చెరువు తీసుకోండి, ప్రశ్నలు మాత్రం అందరికీ ఒకటే పెట్టుకోండి. నీరు ఏ వంకల ద్వారా వస్తుంది, ఆ వంక ఎక్కడ పూడింది? తూములెన్ని, పనిచేసేవెన్ని? అలుగు పారి ఎన్నేళ్ళయింది? చెరువు కింద ఆయకట్టు ఒకప్పుడెంత, ఇప్పుడెంత? రాయలసీమ ఊళ్ళలో చెరువు నీళ్ళు పంచే నీరుగంటి ఉండేవాడు. ఆ ఇంటివాళ్ళు ఇంకా ఉంటే వాళ్ళతో మాట్లాడండి. ఏ కాగితంలోనూ లేనివి వాళ్ళకు తెలుస్తాయి. తెలుగు సరిగా రాదని సిగ్గుపడకండి. తూము, అలుగు, వంక, పూడిక, ఈ నాలుగు మాటలు వస్తే చాలు, మిగతావి వాళ్ళే నేర్పుతారు. ఇక్కడికి వచ్చాక మీ ఇంటి వెనక పారే వాగుకు కూడా అవే ప్రశ్నలు వెయ్యండి. చెరువులో ఇల్లు కట్టుకున్నవాడు ఎదురైతే వాదించవద్దు. వాడెక్కడి నుంచి వచ్చాడో, వానకాలంలో ఇంట్లోకి ఎంత నీరొస్తుందో అడిగి రాసుకోండి.

మోనో సరస్సు ఇంకా 6,392 అడుగులకు చేరలేదు. ఇరవై ఏళ్ళలో చేరుతుందనుకున్నది ముప్పై ఏళ్ళు దాటినా చేరలేదు. 2023లో మంచు విపరీతంగా పడి ఐదడుగుల దాకా పెరిగినా ఇంకా చాలా తక్కువే. ఏటా ఏప్రిల్ 1న మట్టం చూసి, ఆ అంకెను బట్టి ఆ ఏడాది నగరం ఎంత నీరు తీసుకోవచ్చో నిర్ణయిస్తారు. ఆ రోజు కొలబద్ద చూడడానికి నగర నీటిశాఖ వాళ్ళూ కమిటీ వాళ్ళూ కలిసే వెళతారు.

నా వ్యవధి అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. చెరువు జట్టులో చేరదలచిన పిల్లలు మధ్యాహ్నం భోజనాల వేళ పెరుగన్నం బల్ల దగ్గర నాకు కనిపించండి. ఒక కాగితం మీద ఊరి పేరు, చెరువు పేరు రాసుకుని రండి. చెరువు పేరు తెలియకపోతే ఈ లోగా అమ్మమ్మకు ఫోన్ చెయ్యండి. అక్కడ ఇంకా పొద్దుపోయి ఉండదు.